ఒకరికి మోటారు సైకిలు, మిగిలినవారికి కార్డు

లక్కీ డ్రా స్కీముల లెక్క వేసి చూస్తే తేలేది ఏమిటి?

చిత్తూరు: వేరుశనగ కాయలు అమ్ముడుపోయి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులలో పల్లెకు మైకు కట్టిన ఆటో ఒకటి వస్తుంది. దాని వెనుక చిన్న లారీ, అందులో పూలదండ వేసిన కొత్త మోటారు సైకిలు. "నెలకు అయిదు వందలే. ఇరవై నెలలు. నెలనెలా డ్రా. గెలిచినవారు మళ్లీ ఒక్క పైసా కట్టనక్కరలేదు. గెలవనివారికీ నష్టం లేదు, చివరి నెలలో కట్టిన డబ్బుకు సరిపడా సామాను ఇస్తాం" అని మైకు ఊరంతా చెప్పుకుపోతుంది. రచ్చబండ దగ్గర కార్డులు పంచుతారు. కార్డు మీద దేవుడి బొమ్మ, కింద ఇరవై గళ్లు, పక్కన సంతకానికి చోటు. చిరునామా ఉండవలసిన చోట సెల్‌ఫోన్ నంబరు తప్ప మరేమీ ఉండదు.

దీనిని ఎవరూ లాటరీ అనరు. స్కీము అంటారు, లక్కీ డ్రా అంటారు, పండుగ ఆఫరు అంటారు. మన రాష్ట్రంలో లాటరీ టిక్కెట్లు అమ్మకూడదని పల్లెలలో సైతం చాలామందికి తెలుసు కనుక ఆ మాట నోట రానివ్వరు. అయితే పదిమంది దగ్గర డబ్బు పోగుచేసి, చీటీ తీసి, పేరు వచ్చినవారికి ఇచ్చి, రానివారిని వచ్చే నెలకు రమ్మనే ఏర్పాటు ఏ పేరుతో వచ్చినా అది లాటరీయే. ఇంటి ముంగిటికి వచ్చిన ఈ సరుకు ఎటువంటిదో తెలియాలంటే అసలు లాటరీ ఎలా నడుస్తుందో ముందు చూడవలసి ఉంటుంది.

శబరిమల దారిలో

అందుకు దూరం పోనక్కరలేదు. ఏటా మాలవేసుకుని శబరిమల వెళ్లివచ్చే అయ్యప్ప భక్తులు కేరళలో అడుగు పెట్టగానే చూసేది లాటరీ టిక్కెట్లనే. బస్టాండులో, టీకొట్టు దగ్గర, గుడి ముందర చెక్క పలకకు రంగురంగుల టిక్కెట్లు గుచ్చుకుని అమ్మేవారు కనిపిస్తారు. అమ్మేవారిలో ముసలివారు, కాళ్లు చేతులు సరిగా లేనివారు ఎక్కువ. దర్శనం చేసుకుని తిరిగివస్తూ ఒక టిక్కెట్టు కొని జేబులో పెట్టుకుని వచ్చే భక్తులూ ఉన్నారు.

దేశంలో ఒక రాష్ట్ర ప్రభుత్వం స్వయంగా లాటరీ పెట్టడం కేరళతోనే మొదలైంది. ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ ప్రభుత్వంలో ఆర్థికమంత్రిగా ఉన్న పి.కె. కుంజు ఆలోచన అది. ప్రైవేటు లాటరీలను ఆపివేసి 1967లో ప్రభుత్వ లాటరీ శాఖను ఏర్పాటు చేశారు. టిక్కెట్టు ధర ఒక్క రూపాయి, మొదటి బహుమతి 50 వేల రూపాయలు. మొదటి డ్రా 1968 జనవరి 26న జరిగింది. పన్నులు పెంచకుండా ఖజానాకు రాబడి తేవడం, చేతిపని లేనివారికి టిక్కెట్ల అమ్మకం ద్వారా బతుకుతెరువు చూపడం దాని ఉద్దేశాలు. తర్వాత ఒకటొకటిగా ఎన్నో రాష్ట్రాలు అదే దారి పట్టాయి. నిజానికి లాటరీతో ఊరు బాగుచేసే పద్ధతి కంపెనీ దొరల నాటిదే. 1813లో పూర్తయిన కలకత్తా టౌన్ హాలు లాటరీ డబ్బుతో కట్టినదే. 1817లో ఏర్పడిన లాటరీ కమిటీ ఆ నగరంలో రోడ్లు వేయించింది.

కేరళలో ఇప్పుడు వారంలో రోజుకొక లాటరీ ఉంది. టిక్కెట్టు ధర 2025 నుంచి 50 రూపాయలు, మొదటి బహుమతి కోటి రూపాయలు. ఇవి కాక ఓణం, క్రిస్మస్, విషు వంటి పండుగలకు బంపర్ లాటరీలు. డ్రా తిరువనంతపురంలో పదిమంది ఎదుట, నిర్ణేతల సమక్షంలో తీస్తారు. ఒక్కొక్క అంకె ఉన్న చక్రాలు తిరుగుతాయి, మీట నొక్కగానే ఆగుతాయి. ఏ అంకె దగ్గర ఆగితే అదే బహుమతి నంబరు. ఫలితాలను ప్రభుత్వమే ప్రకటిస్తుంది. 2023-24లో ఆ రాష్ట్రంలో లాటరీ అమ్మకాలు 12 వేల కోట్ల రూపాయలు దాటాయి. లాటరీ రాబడితో కాన్సరు, గుండె, మూత్రపిండాల జబ్బులున్న పేదల వైద్యానికి కారుణ్య నిధిని నడిపిన ప్రభుత్వం కూడా అదే.

ఇంత పద్ధతిగా నడిచే లాటరీలో టిక్కెట్టు కొన్నవాడి పరిస్థితి ఏమిటి?

యాభై రూపాయల టిక్కెట్టు

వారం లాటరీలో 12 వరుసల టిక్కెట్లు ఉంటాయి. ఒక్కొక్క వరుసలో ఆరంకెల నంబర్లు 9 లక్షలు. అంటే మొత్తం కోటీ 8 లక్షల టిక్కెట్లు. మొదటి బహుమతి ఒక్కటి. పాత చిత్తూరు జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారం 41 లక్షల 74 వేలు. కుప్పం నుంచి సత్యవేడు వరకు, మదనపల్లె నుంచి శ్రీకాళహస్తి వరకు పసిబిడ్డలతో సహా అందరినీ లెక్కపెట్టి, అటువంటి జిల్లాలు రెండున్నర ఒకచోట చేర్చి, అందులో ఒక్కరిని చేయిపట్టి పిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఆ బహుమతి. రోజుకొక టిక్కెట్టు చొప్పున కోటీ 8 లక్షల టిక్కెట్లు కొనడానికి 29 వేల 5 వందల ఏళ్లు పైగా పడుతుంది.

రోజూ 50 రూపాయలంటే ఏడాదికి 18,250 రూపాయలు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఏడాదిలో దాదాపు అరవై రోజుల కూలి టిక్కెట్లకే సరి.

మరి ఆ 50 రూపాయలు ఎక్కడికి పోతాయి? 2025 సెప్టెంబరు 22 నుంచి లాటరీపై జి.ఎస్.టి. 40 శాతం అయింది. అంతకుముందు 28 శాతం. ఈ పన్ను టిక్కెట్టు ధరలోనే కలిసి ఉంటుంది. 50 రూపాయలలో 14 రూపాయల 29 పైసలు పన్నుకే పోతాయి. మిగిలిన 35 రూపాయల 71 పైసలలో అచ్చు ఖర్చు, ఏజెంట్ల కమీషను, ప్రభుత్వ లాభం తీసివేయగా మిగిలినదే బహుమతుల సొమ్ము. కొన్నవారంతా కలిసి పెట్టిన సొమ్ములో పెద్ద భాగం చక్రం తిరగకముందే తరిగిపోతుందన్నమాట. ఇది మోసం కాదు. టిక్కెట్టు వెనుక నిబంధనలలోనూ, ప్రభుత్వ లెక్కలలోనూ ఉన్నదే. చదివేవారే తక్కువ.

గెలిచినవానికి సైతం పేపరులో పడిన అంకె చేతికి రాదు. 2022 ఓణం బంపరులో టిక్కెట్టు 500 రూపాయలు, మొదటి బహుమతి 25 కోట్లు. 66 లక్షలకు పైగా టిక్కెట్లు అమ్ముడుపోయాయి. అంటే జనం పెట్టిన డబ్బు 330 కోట్ల రూపాయలు పైమాటే. 25 కోట్లలో పదో వంతు టిక్కెట్టు అమ్మిన ఏజెంటుకు పోయింది. మిగిలిన దానిలో నూటికి 30 చొప్పున ఆదాయపు పన్ను మొదటే పట్టుకున్నారు. చేతికి వచ్చింది 15 కోట్ల 75 లక్షలు. ఆపైన సర్‌చార్జీ, సెస్సు గెలిచినవారే కట్టుకోవాలి. అవి కూడా పోతే నికరంగా నిలిచేది 13 కోట్లకు లోపే. తక్కువేమీ కాదు. కానీ 25 అనుకుని అప్పులవాళ్లకు మాట ఇచ్చినవాడు ఇబ్బంది పడకతప్పదు.

మరొక సంగతి. లాటరీ అలవాటైనవారు తరచు చెప్పుకునే మాట "ఒక్క అంకెలో తప్పిపోయింది" అని. ఆరంకెలలో అయిదు కలిస్తే ఆరోది వచ్చేసారి కలుస్తుందని ఆశ. చక్రానికి కిందటి వారం సంగతి గుర్తుండదు. కిందటిసారి 7 వచ్చింది కనుక ఈసారి రాదనీ, పదేళ్లుగా కొంటున్నవాడికి దగ్గరపడిందనీ ఏమీ ఉండదు. ప్రతి డ్రా కొత్తదే. నిన్న మొదటిసారి కొన్నవాడూ, ముప్ఫై ఏళ్లుగా కొంటున్నవాడూ ఒక్కొక్క టిక్కెట్టుతో నిలబడితే ఇద్దరూ సమానమే.

సరిహద్దు అవతల

పలమనేరు, కుప్పం, నగరి ప్రాంతాలకు తమిళనాడు, కర్ణాటక సరిహద్దులు దగ్గర. వైద్యానికి వేలూరు వెళ్లినా, పట్టు అమ్ముకోవడానికి కర్ణాటక వెళ్లినా ఒకప్పుడు లాటరీ కొట్లు కళ్లబడేవి. పది రాష్ట్రాల టిక్కెట్లు ఒకే కొట్లో వేలాడుతుండేవి. ముందు వారానికొక డ్రా, తర్వాత రోజుకొకటి, ఆ తర్వాత పూటకొకటి అయింది. చివరకు ఒక్క అంకె లాటరీ వచ్చింది. టిక్కెట్టులోని చివరి అంకె కలిస్తే చాలు, గంటలో డబ్బు. కోటి రూపాయల కలకన్న ఈ పదంకెల ఆట ఎక్కువమందిని నాశనం చేసింది. పదింట ఒకసారి తగులుతుంది కనుక ఆశ చావదు. తగిలిన డబ్బుతో ఇంటికి పోనివ్వదు. బండి తోలేవారు, మగ్గం నేసేవారు, హమాలీలు పొద్దున సంపాదించినది సాయంత్రానికి కొట్టులో పోసి వెళ్లేవారు.

తమిళనాడు ప్రభుత్వం 2003 జనవరిలో లాటరీల అమ్మకాన్ని పూర్తిగా నిషేధించింది. 2007 ఏప్రిల్ నుంచి కర్ణాటక కూడా ఆపివేసింది. మన రాష్ట్రంలోనూ, తెలంగాణలోనూ లాటరీలు లేవు. కేరళ, మహారాష్ట్ర, పంజాబు, పశ్చిమ బెంగాలు, సిక్కిం, నాగాలాండు వంటి కొన్ని రాష్ట్రాలలో మాత్రం నడుస్తున్నాయి. వాటిలో కొన్నింటి పేరు ఆ రాష్ట్రానిదైనా టిక్కెట్ల పంపిణీ అంతా ప్రైవేటు కంపెనీల చేతిలోనే ఉంటుంది. ఆ వ్యాపారంలో డబ్బు ఏపాటిదో తెలియడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2024లో ఎన్నికల బాండ్ల వివరాలు బయటపడినపుడు అందరికంటె ఎక్కువగా, 1,368 కోట్ల రూపాయల బాండ్లు కొన్నది ఒక లాటరీ పంపిణీ కంపెనీయే.

అమ్మకం ఆగినంత మాత్రాన అలవాటు ఆగలేదు. కేరళ ఫలితంలోని చివరి మూడంకెలపై తెల్లకాగితాల మీద పందాలు రాసే దొంగవ్యాపారం తమిళనాడులో బయలుదేరింది. పోలీసులు పట్టుకుంటూనే ఉన్నారు. రాయలసీమకు మట్కా కొత్తకాదు. అదీ ఆ కుటుంబంలోదే. పత్తి ధరల అంకెల మీద బొంబాయిలో మొదలైన పందెం అది. ఒక అంకెపై రూపాయి పెట్టి తగిలితే తొమ్మిది రూపాయలు ఇస్తారు. అంకెలు పది ఉన్నాయి. పది అంకెలపై పది రూపాయలు పెట్టినవాడికి ఎప్పుడూ తొమ్మిదే వస్తాయి. ఆ పదో రూపాయి మీదనే మట్కా నడిపేవాడి మేడ లేస్తుంది.

చట్టం సంగతి

లాటరీ నడిపే హక్కు ప్రభుత్వానిదే. ప్రభుత్వ లాటరీ కాకుండా, ప్రభుత్వ అనుమతి లేకుండా లాటరీ తీయడానికి ఆఫీసు పెట్టిన వారికి ఆరు నెలల వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి. పాత శిక్షాస్మృతిలో ఇది 294-ఎ సెక్షను. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 297వ సెక్షను. అటువంటి లాటరీకి ప్రకటన వేసినా జరిమానా ఉంది.

ప్రభుత్వాలు నడిపే లాటరీలకు 1998లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. ఒక్క అంకె మీద బహుమతి ఇవ్వరాదు. టిక్కెట్టుపై ప్రభుత్వ ముద్ర ఉండాలి. డ్రా ప్రభుత్వమే, తన రాష్ట్రంలోనే తీయాలి. అమ్మిన డబ్బు ప్రభుత్వ ఖాతాకు చేరాలి. గడువులోగా ఎవరూ అడగని బహుమతి ప్రభుత్వానిదే అవుతుంది. ఇతర రాష్ట్రాల లాటరీలను తమ గడ్డపై అమ్మకుండా ఆపే అధికారం కూడా ఈ చట్టమే రాష్ట్రాలకు ఇచ్చింది. ఆ చట్టం చెల్లుతుందని 1999లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

పల్లెలకు వచ్చే లక్కీ డ్రా స్కీములను పట్టుకునే చట్టం మరొకటి ఉంది. అది 1978లో వచ్చినది. నెలనెలా వాయిదాలు కట్టించుకుని, చీటీ తీసి కొందరికి నగదో వస్తువో బహుమతిగా ఇచ్చి, మిగిలినవారికి చివరలో సొమ్ము తిరిగి ఇచ్చినా ఇవ్వకపోయినా సరే, అటువంటి బహుమతి చిట్టీలు నడపడం ఆ చట్టం ప్రకారం నేరం. మూడేళ్ల వరకు జైలు, అయిదు వేల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. "గెలవనివారికి సామాను ఇస్తున్నాం కనుక ఇది లాటరీ కాదు" అనే స్కీము ఏజెంట్ల వాదన ఈ చట్టం ముందు నిలవదు.

స్కీము లెక్క

చట్టం మాట అలా ఉంచి, రచ్చబండ మీద కూర్చుని వేయగలిగిన లెక్క ఒకటి వేసి చూద్దాం. అయిదు వందల మంది సభ్యులు. నెలకు 500 రూపాయలు. ఇరవై నెలలు. నెలకొక మోటారు సైకిలు, ఖరీదు లక్ష అనుకుందాం.

మొదటి నెల రెండున్నర లక్షలు వసూలవుతాయి. లక్ష పెట్టి బండి ఇస్తారు. గెలిచినవాడు మళ్లీ కట్టడు కనుక రెండో నెల కట్టేవారు 499 మంది, మూడో నెల 498. అలా ఇరవయ్యో నెలకు 481 మంది. ఒక్కరు కూడా వాయిదా ఎగవేయలేదనుకున్నా ఇరవై నెలల మొత్తం వసూలు 49 లక్షల 5 వేల రూపాయలు. ఇరవై బళ్లకు ఖర్చు 20 లక్షలు. మిగిలేది 29 లక్షల 5 వేలు. అప్పటికి బండి రానివారు 480 మంది ఉంటారు. ఒక్కొక్కరు కట్టింది పదివేలు. వారికి తిరిగి ఇవ్వవలసినది 48 లక్షలు.

దాదాపు 19 లక్షలు తక్కువ. ఇందులో ఆటో, మైకు, కార్డుల అచ్చు, ఊరూరా ఏజెంట్లకు కమీషను, నడిపేవాడి లాభం ఏవీ కలపలేదు. అన్నీ కలిపితే తక్కువ ఇంకా పెరుగుతుంది. అంటే నడిపేవాడు ఎంత నిజాయితీపరుడైనా, తన చేతి డబ్బు పెట్టుకుంటే తప్ప ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం కుదరని పని. ఆ మాట మొదటి రోజు కార్డు అచ్చువేసేనాడే నడిపేవాడికి తెలుసు.

అక్కడి నుంచి దారులు రెండు. ఒకటి, చివరి నెలలో పదివేల సామాను అని చెప్పి నాలుగైదు వేలు కూడా చేయని మిక్సీ, కుక్కరు, పేరులేని బీరువా అంటగట్టడం. రెండోది, పదిహేనో నెల దాటాక ఫోను ఆపివేయడం. మొదటి నెలల్లో ఊరి నడిబొడ్డున తాళాలు ఇచ్చి, ఫొటో తీయించి, ఆ ఫొటో చూపి పక్క ఊళ్లో కార్డులు అమ్ముతారు. కొత్త ఊళ్ల డబ్బుతో పాత ఊళ్లకు బళ్లు ఇస్తున్నంతకాలం చక్రం తిరుగుతూనే ఉంటుంది. కొత్త కార్డులు అమ్ముడుకావడం ఆగిన నెలలో చక్రమూ ఆగుతుంది.

నిజం చెప్పుకోవాలంటే గెలిచే అవకాశం విషయంలో ఈ స్కీము కేరళ లాటరీకంటె ఎన్నో రెట్లు మేలుగా కనిపిస్తుంది. అయిదు వందల మందిలో ఇరవై మందికి బండి, అంటే పాతికమందిలో ఒకరికి. జనాన్ని ఆకట్టుకునేది ఇదే. అయితే ఆ పాతికకు ఒకటి అనే మాట నమ్మడానికి ఆధారం ఏమిటి? కార్డులు మొత్తం ఎన్ని అమ్మారో ఎవరికీ తెలియదు. అయిదు వందలని చెప్పి పదిహేను వందలు అమ్మినా అడిగేవారు లేరు. అమ్ముడుపోని కార్డుల నంబర్లు కూడా డబ్బాలో వేస్తే, ఆ నంబరు వచ్చినపుడు బండి నడిపేవాడి ఇంటికే పోతుంది. "ఈ నెల బండి అవతలి మండలం వారికి తగిలింది" అంటే పోయి చూసివచ్చేవారు ఉండరు. కేరళలో చక్రం పదిమంది ఎదుట తిరుగుతుంది. ఇక్కడ డబ్బా ఎవరింట్లో ఉంటుందో కూడా తెలియదు.

పాల బిల్లు నుంచి వాయిదా

ఈ వాయిదాలు కట్టేది ఎక్కువగా ఆడవారు. మన ప్రాంతంలో రెండు ఆవులున్న ఇల్లాలికి పదిహేను రోజులకొకసారి పాల బిల్లు వస్తుంది. దానిలో నుంచి అయిదు వందలు తీసి పక్కన పెట్టడం పెద్ద కష్టం కాదనిపిస్తుంది. కార్డు తెచ్చే ఏజెంటు కూడా పరాయివాడు కాదు. ఊరి పిల్లవాడే, వరసకు తమ్ముడో మరిదో అవుతాడు. "అక్కా, నాకు నువ్వు ఒక కార్డు తీసుకోకపోతే ఇంకెవరు తీసుకుంటారు?" అంటే కాదనలేరు. నలుగురు తీసుకున్నాక అయిదోవారు వెనుకబడిపోతామేమోనని తీసుకుంటారు. పొదుపు సంఘంలో తీసుకున్న అప్పుతో రెండు మూడు కార్డులు కట్టేవారూ ఉంటారు.

స్కీము మూతపడినపుడు నడిపేవాడు దొరకడు. దొరికేది ఈ ఊరి పిల్లవాడే. ఇరవై కార్డులకు వచ్చిన కమీషను అతను ఎప్పుడో ఖర్చు చేసుకుని ఉంటాడు. ఇంటి ముందు జనం గుమికూడతారు. తల్లిదండ్రులు ఆవును అమ్మి కొందరికి సర్దుతారు, లేదా కొడుకును బెంగుళూరు పంపి తలుపు వేసుకుంటారు. వరసలు పోతాయి, పెళ్లిళ్లకు పిలుపులు ఆగుతాయి. పోయింది పదివేలే అయినా ఒకే వీధిలో ఉన్నవారు ఏళ్ల తరబడి ఎడమొహం పెడమొహంగా ఉండడం ఆ పదివేలలో లెక్కకు రాదు. పోలీసు స్టేషనుకు వెళ్లడానికి కూడా వెనుకాడేది ఇందుకే. ఫిర్యాదు ఇస్తే ముందు పేరు రాయవలసినది మన పిల్లవాడిదే కదా అని.

చీటీ వేరు, స్కీము వేరు

లాటరీ చీటీ అనే మాట మన ఊళ్లలో ఉంది గనుక కొందరు ఈ స్కీములను దానితో కలిపి చూస్తారు. రెండూ ఒకటి కావు. ఇరవై మంది కలిసి నెలకు వెయ్యి చొప్పున వేసుకుని, పేరు తీసి ఒక్కొక్కరికి ఇరవై వేలు ఇచ్చుకునే చీటీలో ఎత్తుకున్నవారు కూడా చివరిదాకా కట్టవలసిందే. చీటీ తీసేది ఎవరికి ముందు, ఎవరికి వెనుక అని తేల్చడానికే. అందరి డబ్బూ అందరికీ తిరిగి వస్తుంది. స్కీములో అలా కాదు. గెలిచినవాడు కట్టడం మానేస్తాడు. అతని బండి ఖరీదు మిగిలిన కార్డుల మీద పడుతుంది.

చీటీలోనూ ముంచేవారు లేకపోలేదు. అందుకే 1982లో చిట్ ఫండ్స్ చట్టం వచ్చింది. పెద్ద చీటీలు నడిపేవారు రిజిస్ట్రేషన్ శాఖలోని చిట్స్ రిజిస్ట్రారు అనుమతి తీసుకుని, పూచీ కట్టి నడపాలి. ఆ నంబరు చూపమని అడిగే హక్కు చీటీ వేసే ప్రతివారికీ ఉంది.

కొనని టిక్కెట్టుకు బహుమతి

ఇటీవలి ఏళ్లలో మోసం ఆటోలో కాక సెల్‌ఫోనులో వస్తోంది. "మీ నంబరుకు 25 లక్షల లాటరీ తగిలింది" అని వాట్సాప్‌లో సందేశం, దానితోపాటు పేరున్న టీవీ కార్యక్రమం బొమ్మ, బ్యాంకు ముద్ర. ముందు ఫైలు ఖర్చు అని అయిదు వేలు, తర్వాత జి.ఎస్.టి. అని ఇరవై వేలు, ఆ తర్వాత మరొకటి అడుగుతారు. కట్టినకొద్దీ ఇంకొక్కటే మిగిలిందంటారు. టిక్కెట్టు కొననివాడికి బహుమతి రావడం లోకంలో ఎక్కడా లేదు. గెలిచినవారి బహుమతిలో నుంచి పన్ను పట్టుకుంటారే తప్ప ముందుగా కట్టమనరు. విదేశీ లాటరీ అని పిలుపు వస్తే అసలే కదలరాదు. లాటరీ టిక్కెట్ల కోసం మన దేశం నుంచి డబ్బు బయటకు పంపడమే విదేశీ మారక నిబంధనల ప్రకారం నిషిద్ధం.

కేరళ లాటరీని సెల్‌ఫోనులో అమ్ముతామనే వారు కూడా ఇదే బాపతు. ఆ రాష్ట్ర లాటరీ కాగితం టిక్కెట్టు మాత్రమే, అదీ కేరళలో మాత్రమే అమ్ముతారు. ఆన్‌లైన్ అమ్మకం లేదని అక్కడి ప్రభుత్వమే పలుమార్లు ప్రకటించింది. ఇటువంటి వాటిలో డబ్బు పోయినవారు ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి. గంటల వ్యవధిలో చెప్పగలిగితే ఆ డబ్బు చేరిన ఖాతాను నిలిపివేసే వీలుంటుంది.

స్కీము కార్డులు కట్టినవారు కార్డును, ఏజెంటు సంతకాలను, ఫోనులో డబ్బు పంపి ఉంటే ఆ రసీదులను పారవేయకుండా దాచుకోవాలి. ఊరిలో కట్టినవారంతా కలిసి ఒకే కాగితం మీద పేర్లు, కార్డు నంబర్లు, కట్టిన నెలలు రాసి పోలీసు స్టేషనులో ఇస్తే 1978 చట్టం కింద కేసు పెట్టడానికి అదే ఆధారం. ఏజెంటు కూడా మోసపోయినవాడే అయితే అతనిని కూడా వెంట తీసుకుపోవడం మంచిది. నడిపినవాడి ముఖం, ఊరు, బండి నంబరు తెలిసినవాడు అతనొక్కడే అయివుంటాడు.

ఇక శబరిమల నుంచి వస్తూ కేరళలోనే టిక్కెట్టు కొన్నవారు దాని వెనుక పేరు, చిరునామా రాసి సంతకం చేసి ఉంచుకోవాలి. సంతకం లేని టిక్కెట్టు ఎవరి చేతిలో ఉంటే వారిదే. ఫలితాన్ని ఎవరో పంపిన సందేశంలో కాక కేరళ ప్రభుత్వ ప్రకటనలోనే సరిచూసుకోవాలి. బహుమతి తగిలితే టిక్కెట్టుతో, గుర్తింపు పత్రాలతో 30 రోజులలోగా అడగాలి.